ఏడ్చేవాళ్ల విశ్వాసాన్ని కొలవకండి

ఎవరైనా చనిపోయాక క్రైస్తవులు పెట్టుకునే ఆదరణ కూడికలో మైకు పట్టుకుని "కుటుంబ సభ్యులెవరూ ఏడవకూడదు, ఏడిస్తే మనకు నిరీక్షణ (పోయినవాళ్లు మళ్లీ లేస్తారన్న ఆశ) లేనట్టే" అని చెప్పేవాళ్లను చూస్తే నాకు ఎంత కోపం వస్తుందో చెప్పలేను. భర్త పోయి వారం కూడా కాని ఆవిడ ముందు వరసలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుపు మింగుతూ ఉంటే, వెనక కూర్చున్న మనం "ఆమెన్" అంటాం. గుంటూరులో చూశాను, విజయవాడలో చూశాను. ఆ రోజు చదివే వాక్యం కూడా చాలాసార్లు ఒకటే, మొదటి థెస్సలొనీకయుల పత్రిక నాలుగో అధ్యాయం. ఆ పత్రిక రాసిన పౌలు అక్కడ అసలు ఏడవొద్దని రాయలేదండీ. నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దన్నాడు, అంతే. నిరీక్షణ ఉన్నవాళ్లు కూడా ఏడుస్తారు, వెక్కి వెక్కి ఏడుస్తారు. చనిపోయిన తన స్నేహితుడు లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు విడిచాడు. ఇంకాసేపట్లో బతికి బయటకొచ్చే మనిషి కోసమే ఆయన ఏడిస్తే, ఇక ఈ లోకంలో మళ్లీ చూడలేని మనిషి కోసం మనం ఏడవకూడదా?

నాకెందుకింత బాధంటే, మా అక్క. రొమ్ము క్యాన్సర్. సర్జరీ, కీమోలు, రేడియేషన్ అన్నీ అయ్యాయి, మధ్యలో కొన్నాళ్లు బాగానే తిరిగింది, తర్వాత ఎముకల్లోకి పాకింది. ఆ రోజుల్లో ఇంటికి ప్రార్థనకని చాలామంది వచ్చేవాళ్లు. అందులో ఒకాయన, పేరున్న బోధకుడే, మంచం పక్కన నిలబడి "అమ్మా, దాచుకున్న పాపం ఏదైనా ఉంటే ఒప్పుకో, స్వస్థత అక్కడే ఆగింది" అన్నాడు. ఇంకొకరు మందులు ఆపేస్తే ఉపవాస ప్రార్థన పెట్టిస్తామన్నారు. వాళ్లు వెళ్లాక అక్క గోడవైపు తిరిగి పడుకుంది, రాత్రిదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత చాలా రోజులు నన్ను అదే అడిగేది, "నేనేం చేశానే?" అని. ఒంట్లో నొప్పికి మార్ఫిన్ ఉంది. ఈ ప్రశ్నకు ఏముంది?

పుట్టుగుడ్డివాణ్ణి చూపించి, ఎవరు పాపం చేశారు, ఇతనా ఇతన్ని కన్నవాళ్లా అని శిష్యులు అడిగితే ఇద్దరూ కాదన్నాడు యేసు. సిలోయం గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు కూడా, యెరూషలేములో మిగతావాళ్లకన్నా వీళ్లు పెద్ద పాపులనుకుంటున్నారా, కాదు అని తేల్చి చెప్పాడు. మనం మాత్రం ఇంకా లెక్కలు తీస్తూనే ఉన్నాం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు మా బంధువులు మేడమీదే ఉండిపోయారు, కింద ఇంట్లో ఒక్క సామాను మిగల్లేదు. రోజూ కుటుంబ ప్రార్థన జరిగే ఇల్లు వాళ్లది. పక్కింట్లో బైబిలే లేదు. నీళ్లు రెండిళ్లలోకీ ఒకేలా వచ్చాయి. గట్టుకు గండ్లు పడి వచ్చిన నీళ్లకు ఎవరి పాపమో వెతకడమేంటి?

మందులు వేసుకుంటే విశ్వాసం తక్కువన్న మాట గుంటూరులో నిలబడి ఎలా అనగలుగుతారో నాకు అర్థం కాదు. అన్నా కుగ్లర్ గారు 1883లో అమెరికా నుంచి ఈ ఊరొచ్చారు. డాక్టరమ్మ. ఆడవాళ్లకు, పిల్లలకు వైద్యం మొదలుపెట్టి, 1898 నాటికి ఆస్పత్రి కట్టించి, 1930లో కన్నుమూసేదాకా ఆ పనిలోనే ఉన్నారు. ఇప్పటికీ ఆ ఆస్పత్రిని కుగ్లర్ ఆస్పత్రి అనే అంటాం. సువార్త, మందు రెండూ ఒకే గుమ్మంలోంచి వచ్చిన ఊరు ఇది. పౌలు సంగతే చూడండి. ఆయన ఒంటిమీది గుడ్డలు తీసుకెళ్తే రోగాలు పోయాయని అపొస్తలుల కార్యాల్లో ఉంది. అదే పౌలు తనతో తిరిగిన త్రోఫిమును మిలేతులో జబ్బుతోనే వదిలి వచ్చాడు, శిష్యుడు తిమోతికేమో కడుపు బాగోలేనందుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. తన శరీరంలో ముల్లు తీసెయ్యమని మూడుసార్లు బతిమాలితే "నా కృప నీకు చాలును" అనే జవాబు వచ్చింది గానీ ముల్లు పోలేదు. వీళ్లందరికీ విశ్వాసం చాలలేదంటారా?

స్వస్థతలు జరగవని నేను అనట్లేదు, అక్క కోసం చివరి రోజు దాకా అదే అడిగాను. కానీ మాకు ఆదరణ దొరికింది వేరే చోట.

రాత్రిళ్లు నిద్ర పట్టనప్పుడు అక్క కీర్తనలు చదివించుకునేది. స్తుతి కీర్తనలు కాదు, అవి వినే ఓపిక ఉండేది కాదు. ఒకసారి 88వ కీర్తన చదివాను. అందులో ఆఖరి మాట దాకా చీకటే. ఎక్కడా "అయినా నిన్ను స్తుతిస్తాను" అనే మలుపు లేదు. అక్క కళ్లు తెరిచి "ఇది కూడా బైబిల్లోనే ఉందా?" అంది. మళ్లీ చదవమంది. అప్పటినుంచి ప్రార్థనలో దేవుడితో పోట్లాడటం మొదలుపెట్టింది, ఎన్నాళ్లు, ఎందుకు, వింటున్నావా అని. తన మొహంలో కాస్త వెలుగు నేను చూసింది ఆ రోజుల్లోనే. బైబిల్లో అన్నీ పోగొట్టుకుని జబ్బుపడ్డ యోబు కూడా అంతే కదా, దేవుణ్ణి అన్ని మాటలన్న యోబు సరిగ్గా మాట్లాడాడని, దేవుణ్ణి సమర్థించిన అతని స్నేహితులు తప్పు మాట్లాడారని చివరికి దేవుడే చెప్పాడు. ఆ స్నేహితులు చేసిన మంచి పని ఒక్కటే, మొదటి ఏడు రోజులు నోరు విప్పకుండా అతని పక్కన నేలమీద కూర్చోవడం.

అలా కూర్చున్న మనిషి మాకూ దొరికింది. మా చర్చి స్త్రీల సమాజంలో ఒక పెద్దమ్మ సాయంత్రాలు వచ్చి అక్క కాళ్లు పిసికేది. ఆవిడ ప్రార్థన మొత్తం ఇంతే: "ప్రభువా, బిడ్డ అలిసిపోయింది, చూడు." వచ్చేటప్పుడు చారు పట్టుకొచ్చేది, మా అమ్మ చేత బలవంతంగా నాలుగు ముద్దలు తినిపించేది. వాక్యం ఎత్తేది కాదు.

నేను ఆర్‌సీఎం, అంటే రోమన్ కతోలిక, కాదు. అయినా ఫిబ్రవరిలో విజయవాడ గుణదల మేరీమాత కొండ దగ్గర చూసినప్పుడల్లా మనసు కరుగుతుంది. లూర్దుమాత పండుగ రోజు ఫిబ్రవరి 11, 1993 నుంచి కతోలిక సంఘం అదే రోజును ప్రపంచమంతా రోగుల దినంగా పాటిస్తోంది. జబ్బు పిల్లల్ని భుజానేసుకుని అన్ని మతాలవాళ్లూ ఎక్కుతారు, అందరిముందూ బాహాటంగా ఏడుస్తారు, ఎందుకేడుస్తున్నావని అక్కడెవరూ అడగరు.

అక్క పోయేముందు నాతో ఒక మాట అంది. "నన్నెందుకు విడిచిపెట్టావని సిలువ మీద ఆయనా అడిగాడు కదే, మరి నేనడిగితే కోప్పడతాడా?" నా దేవుడు నొప్పి ఎరిగినవాడు, మేకులు దిగినవాడు, ఆ మాట అరిచి చచ్చిపోయి మూడోరోజు లేచినవాడు. అందుకే మా అక్క కూడా లేస్తుందని నమ్ముతున్నాను, పూర్తిగా నమ్ముతున్నాను, ఈ మాట రాస్తూ ఏడుస్తున్నాను కూడా.

మా స్త్రీల సమాజంలో కొంతమందిమి కీమోకి వెళ్లేవాళ్లకు తోడుగా కూర్చుంటున్నాం. గుంటూరు ఆస్పత్రుల్లో ఎవరికైనా ఆ రోజు పక్కన మనిషి కావాలంటే మెసేజ్ పెట్టండి. ఏ సంఘమని అడగం, క్రైస్తవులా కాదా అని కూడా అడగం. మీరు చెయ్యమంటే ప్రార్థన చేస్తాం, లేదంటే సెలైన్ అయ్యేదాకా ఊరికే కూర్చుంటాం.