పారబోయమన్న నీళ్లనే తాగమంటున్నారు

ఎండలు ముదిరితే చాలు, వరంగల్ నుంచి ఆదిలాబాద్ దాకా ఫోన్లలో ఒక మెసేజ్ మళ్లీ తిరుగుతుంది. ఏండ్ల తరబడి కిడ్నీల్లో ఉప్పు, విషాలు పేరుకుపోతాయట. కొత్తిమీర కట్టను కడిగి, సన్నగా తరిగి, నీళ్లు పోసి 10 నిమిషాలు మరిగించి, వడగట్టి, సీసాకెత్తి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలట. రోజుకో గ్లాసు తాగితే మురికంతా మూత్రంలో పోవడం కండ్లారా కనబడుతుందట. రాళ్లు కరుగుతాయట, క్రియాటినిన్ (కిడ్నీలు రక్తంలోంచి తీసేయాల్సిన వ్యర్థం) దిగుతుందట, సైడ్ ఎఫెక్టులే ఉండవట. ఇన్ని ‘అట’ల్లో నమ్మదగ్గది ఒక్కటే: కట్టను కడగాలి.

ముందు పేరుకున్న మురికి సంగతి. కిడ్నీ అడుగున మడ్డి దిగే నీళ్ల ట్యాంకు కాదు. ఒక్కో కిడ్నీలో రక్తాన్ని వడగట్టే సన్న జల్లెళ్లు, అంటే నెఫ్రాన్లు, సుమారు 10 లక్షలుంటాయి. రెండు కిడ్నీలూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని రక్తంలోంచి వడగడతాయి. అందులో లీటరున్నర, రెండు లీటర్లు మూత్రంగా పోతే, మిగతాదంతా తిరిగి రక్తంలోకే చేరుతుంది. షుగర్ వల్లో బీపీ వల్లో కిడ్నీ చెడిందంటే ఆ నెఫ్రాన్లు మచ్చగట్టి పనికిరాకుండా పోయాయని అర్థం. అక్కడ కడగడానికి మురికి లేదు, మచ్చ ఏ కషాయానికీ పోదు. మూత్రం ఎక్కువగా, తేటగా వచ్చిందంటారా, ఒక గ్లాసు మంచినీళ్లు ఎక్కువ తాగినా వస్తుంది.

రాళ్ల విషయం. కిడ్నీ రాళ్లలో నాలుగింట మూడొంతుల దాకా కాల్షియం ఆక్సలేట్‌వే. అవి మందులకే కరగవు, ఆకు నీళ్లకు కరుగుతాయా? యూరిక్ యాసిడ్ రాళ్లు కరుగుతాయి గాని, అందుకు మూత్రంలో పులుపు తగ్గించే మందు డాక్టరు లెక్కగట్టి ఇవ్వాలి. 5 మిల్లీమీటర్ల లోపు రాయి చాలాసార్లు దానంతటదే పడిపోతుంది. ఆ వారం ఏం తాగితే దానికి పేరొస్తుంది. మిరపకాయ ఏరే కైకిలోళ్లకు, ఓపెన్‌కాస్ట్ గనుల్లో పనిచేసేవాళ్లకు పనికొచ్చే లెక్క వేరే ఉంది: రోజుకు రెండు, రెండున్నర లీటర్ల మూత్రం రావాలి. చెమట కారే ఎండలో అందుకు 3 లీటర్ల నీళ్లు కూడా చాలకపోవచ్చు.

ఇక కొత్తిమీరలో మందు గుణాలున్నాయనే మాట. దీని దగ్గర కాస్త ఆగాలి, సగం నిజం ఇందులోనే ఉంది. ఆకును వేళ్ల మధ్య నలిపితే గుప్పుమనే వాసన డెకనాల్, డోడెసెనాల్ వంటి ఆల్డిహైడ్లది, అంటే ఒక రకం వాసన రసాయనాలది. కొందరికి ఇదే సబ్బు వాసన కొడుతుంది. అది చాదస్తం కాదు, వాసన పసిగట్టే ఒక జన్యువులోని తేడాకు దానితో సంబంధముంది. ధనియాల వాసన వేరు, వాటి నూనెలో ఎక్కువ భాగం లినలూల్ అనే ఇంకో వాసన పదార్థం. మొక్క ఒకటే, సరుకులు రెండు. ధనియాల సారంతో ఎలుకల మీద చేసిన పరిశోధనను తెచ్చి ఆకు నీళ్ల ఖాతాలో రాయడం ఇలాంటి మెసేజ్‌లకు అలవాటు. ‘అమెరికా సైంటిస్టులు ఒప్పుకున్నారు’ అన్న తోక ఒకటి. 2019లో కాలిఫోర్నియా యూనివర్సిటీ అర్వైన్ పరిశోధకులు, డోడెసెనాల్ కణాల్లోని ఒక రకం పొటాషియం చానళ్లను (పొటాషియం వెళ్లే దారులను) తెరిపిస్తుందనీ, ఎలుకల్లో మూర్ఛను ఆలస్యం చేస్తుందనీ చూపిన మాట నిజమే. మంచి పరిశోధన. అందులో కిడ్నీ వైద్యం లేదు, రోగీ లేడు, గ్లాసూ లేదు.

పైగా ఈ ఆల్డిహైడ్లు ఆవిరితో లేచిపోయే రకం. గిన్నె మరుగుతుంటే వంటిల్లంతా ఘుమఘుమలాడుతుంది. అంటే ఆ వాసన గాలికి పోయిందన్నమాట. నీళ్లు చల్లారాక ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి, ఉడికిన గడ్డి వాసన తప్ప పెద్దగా ఏమీ ఉండదు. 100 గ్రాముల ఆకులో ఉండే 27 మిల్లీగ్రాముల విటమిన్ సి వేడికి కొంత పోతుంది. బీటా కెరోటిన్, విటమిన్ కె నీళ్లలో కరగవు, పిప్పితోపాటు చెత్తబుట్టకు చేరతాయి. ఆకులోని క్వెర్సెటిన్ అనే యాంటీఆక్సిడెంట్ కొంత దిగినా అందులో ఒంటబట్టేది కొంచెమే. మరి ఆ నీళ్లలోకి దండిగా దిగేదేమిటి? పొటాషియం.

అసలు ప్రమాదం ఇక్కడుంది. 100 గ్రాముల కొత్తిమీరలో సుమారు 520 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. కిడ్నీ బాగున్నవాళ్లకు అదొక లెక్క కాదు, ఒక అరటిపండు కన్నా కాస్త ఎక్కువ. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో పొటాషియం బయటికి సరిగా పోక రక్తంలో పెరిగిందంటే, కూరగాయలు ఎట్లా వండాలో డైటీషియన్ చెబుతారు: సన్నగా తరుగు, ఎక్కువ నీళ్లలో ఉడికించు, వడగట్టు, నీళ్లు పారబోసి ముక్కలు తిను. మెసేజ్‌లోని పద్ధతి అచ్చంగా అదే, చివరి మెట్టు ఒక్కటే తిరగబడింది. ముక్కలు పారబోసి నీళ్లు తాగమంటున్నారు. ఆ నీళ్లకు ఆశపడేదెవరు? క్రియాటినిన్ పెరిగిందని భయపడ్డవాళ్లే. వాళ్లలో చాలామంది బీపీకి టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటి మాత్రలు వేసుకుంటుంటారు, అవీ పొటాషియం పెంచేవే. రక్తంలో పొటాషియం లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీఈక్వివలెంట్ల (రిపోర్టులో mEq/L) మధ్య ఉండాలి. 6 దాటినా ఒంట్లో ఏమీ తెలియకపోవచ్చు, నేరుగా గుండె లయ తప్పొచ్చు.

క్రియాటినిన్ దిగిందని రిపోర్టులు చూపేవాళ్లూ ఉన్నారు. రోజంతా ఎండలో పనిచేసి, నీళ్లు సరిగా తాగక, రాత్రి మటన్ తిని పరీక్ష చేయించుకుంటే అంకె పెరిగి కనబడుతుంది. వారం రోజులు నీళ్లు బాగా తాగితే దిగుతుంది. మోకాళ్ల నొప్పులకు వాడే డైక్లోఫెనాక్ గోలీలు, సూదులు ఆపినా దిగొచ్చు. కిడ్నీకి నిజంగా మేలు చేయాలనుకుంటే మొదట మానాల్సినవి ఆ నొప్పి మందులే. షుగర్, బీపీ ఉన్నవాళ్లు ఏడాదికోసారి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ రెండూ చూపించుకోవాలి. ఒక్క క్రియాటినిన్‌తో సరిపెడితే తొలిదశ జబ్బు తప్పించుకుపోతుంది.

సైడ్ ఎఫెక్టులు లేవన్న దానికి ఇంకో చిన్న మాట. గుండె వాల్వు మార్పిడి అయి, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, అసిట్రోమ్ వేసుకునేవాళ్లు మరిగించిన నీళ్ల కన్నా మిక్సీ పట్టిన పచ్చి రసానికి భయపడాలి. 100 గ్రాముల ఆకులో దాదాపు 300 మైక్రోగ్రాముల విటమిన్ కె ఉంటుంది, ఉన్నట్టుండి రోజూ కట్ట తాగితే మందు పని తగ్గి ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే అంకె) పడిపోతుంది.

ఇదంతా చదివి కొత్తిమీర మానేయనక్కర్లేదు. వెడల్పు గిన్నెలో నీళ్లు పోసి కట్టను ముంచి ఆడించి, మట్టి అడుగుకు దిగాక ఆకును పైకి తీయాలి. ఆకు మీదుగా నీళ్లు వంపితే మట్టి మళ్లీ దానికే అంటుకుంటుంది. రెండు, మూడుసార్లు అట్లా చేసి, పొయ్యి ఆపాక చల్లుకుంటే వాసన నిలుస్తుంది. సర్వపిండిలో కలిపినా, పచ్చిపులుసులో వేసినా మనిషికి వచ్చేది 5 గ్రాములు, అంటే 26 మిల్లీగ్రాముల పొటాషియం, కిడ్నీ రోగికీ పర్లేదు. ఆ పచ్చిపులుసులో వాళ్లు లెక్క చూసుకోవాల్సింది చింతపండు, ఉప్పు.