సవరణ: చాళ్కేవాడి గాలిమరలు, బల్లులు
మహారాష్ట్రలోని సతారా జిల్లాలో, పశ్చిమ కనుమల మీది చాళ్కేవాడి పీఠభూమిపై గాలిమరలున్న చోట బల్లులు పెరిగాయని గత వ్యాసంలో రాసిన వాక్యాన్ని, అక్కడి వన్యప్రాణులకు మేలు జరిగిందన్న అర్థంలో కొందరు పాఠకులు తీసుకున్నందున ఈ వివరణ ఇస్తున్నాం. 2018లో వెలువడిన పరిశోధన ప్రకారం, మరలు లేని చోటుతో పోలిస్తే అక్కడ వేటాడే పక్షులు దాదాపు నాలుగో వంతే ఉన్నాయి. బల్లులు పెరిగింది ఆ కారణంగానే. పైగా ఆ బల్లులు బక్కచిక్కాయి, మగవాటి గొంతు కింది తిత్తి మీద నీలం, నారింజ రంగులు వెలిసిపోయాయి, మనిషి బాగా దగ్గరికి వచ్చేదాకా అవి పారిపోవడం లేదు. పవన విద్యుత్తు మనకు కావలసిందే. అయితే రెక్కలు తగిలి చచ్చిన పక్షుల లెక్కతో సరిపెట్టకుండా, డేగలు తిరిగే కొండ అంచులను స్థలం ఎంచుకునే దశలోనే విడిచిపెట్టాలన్నది మా నిశ్చితాభిప్రాయం.