క్రిస్టఫర్ రడ్డీ విజయగాథ అంటున్నారు, ఒక్క నిమిషం ఆగండి

2025 మార్చి 31న న్యూస్‌మ్యాక్స్ అనే అమెరికన్ వార్తా సంస్థ షేరు పది డాలర్ల ధరతో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లోకి వచ్చింది. సాయంత్రానికి 83 డాలర్లు దాటింది. మర్నాడు 233 దగ్గర ముగిసింది. ఆ పై రోజు విలువలో మూడొంతులకు పైగా ఊడ్చుకుపోయింది. అంతకు ముందు ఏడాది ఆ సంస్థ ఆదాయం 17 కోట్ల డాలర్లు, నష్టం 7 కోట్ల డాలర్లు. అయినా కాగితాల మీద రెండు రోజులు దాని విలువ చూసి కళ్లు తిరిగినవాళ్లు చాలామందే ఉన్నారు. 1998లో పాతిక వేల డాలర్లతో మొదలుపెట్టిన ఒక మామూలు విలేఖరి ఇంతవాడయ్యాడు, చూసి నేర్చుకోండి అనే ఉపదేశాలు అప్పటి నుంచి ఆగలేదు.

ఆ విలేఖరి పేరు క్రిస్టఫర్ రడ్డీ (రెడ్డి కాదు, రడ్డీ). ఆయన డబ్బు సంపాదించడం మీద నాకు కడుపుమంట లేదు. ఆయన సంప్రదాయవాది కావడం మీద కూడా పేచీ లేదు. పన్నులు తక్కువ ఉండాలి, ప్రభుత్వం చిన్నదిగా ఉండాలి అని వాదించే పత్రికలు ఏ దేశంలోనైనా ఉండాల్సిందే. నా గొడవ వేరు. ఈ మనిషికి నిజానిజాలు తేల్చడం చేతకాక కాదు, బాగా వచ్చు. వచ్చని తన కెరీర్ మొదట్లోనే నిరూపించుకున్నాడు. అందుకే ఆ తరువాత చేసినవి మరింత బాధ కలిగిస్తాయి.

1992 నవంబరులో, అప్పట్లో అమెరికా ప్రభుత్వ సహాయంతో నడిచిన టీవీ సంస్థ పీబీఎస్‌లో ఒక డాక్యుమెంటరీ ప్రసారమైంది. రెండో ప్రపంచయుద్ధంలో నల్లజాతి సైనికుల దళం ఒకటి బుహెన్‌వాల్డ్, డహావ్ నాజీ శిబిరాలను విడిపించిందని అందులో చూపించారు. వినడానికి ఎంతో బాగుండే కథ. నల్లజాతివారికీ యూదులకూ మధ్య న్యూయార్క్‌లో పొరపొచ్చాలు పెరిగిన రోజులు కావడంతో అందరూ దాన్ని గుండెలకు హత్తుకున్నారు. అప్పటికి రడ్డీకి ఇరవై ఏడేళ్లు. లాంగ్ ఐలాండ్‌లో పోలీసు అధికారి ఇంట పుట్టి, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్‌లో చదివి, న్యూయార్క్‌లో ఒక చిన్న సంప్రదాయవాద పత్రికకు సంపాదకుడిగా ఉన్నాడు. ఆ దళం ఆ రోజుల్లో ఆ రెండు శిబిరాల దగ్గర లేదని బయటపెట్టినవాళ్లలో ఆయన ఒకడు. ఆ దళం సైనికులే ఆ మాట చెప్పారు. 1993లో పీబీఎస్ ఆ చిత్రాన్ని వెనక్కి తీసుకుంది. అన్నట్టు ఆ సైనికులకు దక్కాల్సిన అసలు గౌరవం వేరే ఉంది. వాళ్లు ఆస్ట్రియాలోని గున్స్‌కిర్షెన్ శిబిరాన్ని విడిపించారు. అబద్ధపు కిరీటం పెట్టడం వల్ల నిజమైన ఘనత మరుగున పడింది.

అందరికీ నచ్చే కథ కాబట్టి నిజం అయిపోదు, వెళ్లి అడుగు, కాగితాలు చూడు. విలేఖరి పని అదే. అప్పుడు రడ్డీ ఆ పని చేశాడు. అది చూసి న్యూయార్క్ పోస్ట్ పత్రిక ఉద్యోగం ఇచ్చింది.

అక్కడి నుంచే కథ మలుపు తిరిగింది. 1993 జూలై 20న వైట్‌హౌస్ న్యాయవిభాగంలో రెండో స్థానంలో ఉన్న విన్స్ ఫోస్టర్ వర్జీనియాలోని ఫోర్ట్ మార్సీ పార్కులో చనిపోయి కనిపించాడు. ఆర్కాన్సా రాష్ట్రంలో అప్పటి అధ్యక్షుడు బిల్ క్లింటన్‌కు బాల్యస్నేహితుడు, క్లింటన్ భార్య హిల్లరీ పనిచేసిన న్యాయవాద సంస్థలో భాగస్వామి. వాషింగ్టన్ వచ్చి ఆరు నెలలు. తీవ్రమైన మానసిక కుంగుబాటులో ఉన్నాడు. చనిపోవడానికి ముందురోజే డాక్టరు మందు రాశాడు. పోలీసులు ఆత్మహత్య అన్నారు. 1994 జనవరి నుంచి రడ్డీ దాని మీద అనుమానాలు రాయడం మొదలుపెట్టాడు. తుపాకీ చేతిలోనే ఎలా ఉంది, రక్తం ఎందుకు తక్కువగా ఉంది, ఇలా.

మొదటి వారం ఆ ప్రశ్నలు అడగడం తప్పు కాదని నేనూ అంటాను. దర్యాప్తు మొదట్లో అలసత్వం ఉంది, వైట్‌హౌస్ సిబ్బంది ఫోస్టర్ గదిలోని కాగితాలతో ప్రవర్తించిన తీరు అనుమానాలకు తావిచ్చింది. కానీ ప్రశ్నకు సమాధానం వచ్చాక కూడా అదే ప్రశ్నను అదే గొంతుతో అడుగుతూ పోతే అది ప్రశ్న కాదు, సరుకు. 1994లో ప్రత్యేక విచారణాధికారి రాబర్ట్ ఫిస్క్ ఆత్మహత్యే అని తేల్చాడు. అమెరికా చట్టసభ కాంగ్రెస్‌లో చూసినవాళ్లూ అదే తేల్చారు. రడ్డీ మాత్రం అప్పటికి పిట్స్‌బర్గ్‌కు మారి, క్లింటన్‌ను పడగొట్టడానికి కోట్లు కుమ్మరిస్తున్న ధనికుడు రిచర్డ్ మెలన్ స్కేఫ్ పత్రికలో చేరి అదే రాస్తున్నాడు. ఫోస్టర్ ఎడమచేతి వాటం మనిషి అయితే తుపాకీ కుడిచేతిలో ఎందుకుందన్నది ఆ ప్రచారంలో ఒక పెద్ద అస్త్రం. 1995లో సీబీఎస్ టీవీలో విలేఖరి మైక్ వాలెస్ నిలదీసేసరికి తేలిందేమిటి? ఫోస్టర్ కుడిచేతి వాటమే. ఒక్క ఫోన్ చేస్తే తెలిసిపోయే సంగతి. యాభై ఏళ్ల కిందటి సైనిక దళం ఏ రోజున ఎక్కడుందో పట్టుకోగలిగిన విలేఖరికి, చనిపోయిన మనిషి ఏ చేత్తో రాసేవాడో తెలుసుకోవడం కష్టమా?

ఇక్కడ ఒక మాట. ఇదంతా ఉదారవాదులు ఆయన మీద వేసిన నింద అనుకునేవాళ్లు ఉంటారు. 1997 అక్టోబరులో ఆత్మహత్యే అని మళ్లీ తేల్చినది ఫిస్క్ స్థానంలో వచ్చిన విచారణాధికారి కెన్నెత్ స్టార్. క్లింటన్‌ను అభిశంసన దాకా లాక్కెళ్లిన స్టార్. హత్య అనడానికి వెంట్రుకవాసి ఆధారం దొరికినా ఆయన వదిలేవాడా? స్టార్ బృందంలో ఈ కేసు చూసినవాడు బ్రెట్ కావనా. తరువాత ట్రంప్ సుప్రీంకోర్టుకు పంపిన మనిషే. అదే ఏడాది ఫోస్టర్ మరణం మీద రడ్డీ తెచ్చిన పుస్తకాన్ని తూర్పారబట్టినవాళ్లలో స్కేఫ్ డబ్బుతో నడిచే సంప్రదాయవాద పత్రిక అమెరికన్ స్పెక్టేటర్ కూడా ఉంది. స్కేఫ్ ఏం చేశాడు? ఆ పత్రికకు డబ్బు ఆపేశాడు. సొంత గూటిలో నిజం చెప్పినవాడికి తిండి బంద్. రడ్డీ ఆ ఘట్టం నుంచి ఏ పాఠం నేర్చుకున్నాడో ఆ మరుసటి ఏడాదే న్యూస్‌మ్యాక్స్ పెట్టి చూపించాడు. పెట్టుబడి పెట్టినవాళ్లలో స్కేఫ్ ఒకడు.

ఈ లోపు ఫోస్టర్ కుటుంబం ఏమైంది? శవం ఫొటోలు బయటపెట్టాలంటూ ఒక న్యాయవాది వేసిన దావా 2004 వరకు నడిచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఫోస్టర్ అక్క కోర్టుకు ఇచ్చిన ప్రమాణపత్రంలో, అప్పటికే బయటికి పొక్కిన ఒక ఫొటో చూసి తనకు పీడకలలు వచ్చాయని, నిద్ర పట్టక గుండె దడదడలాడేదని చెప్పింది. తమ్ముడి మరణంతో లాభపడాలని చూసే రాజకీయ, వ్యాపార అవకాశవాదులు తమను వేధించారని కూడా చెప్పింది. తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఒక్కమాట మీద కుటుంబం వైపు నిలిచారు. ఆమె రడ్డీ పేరు ఎత్తి అన్నదని నేను అనడం లేదు. ఆ అనుమానాన్ని దేశమంతా పంచిపెట్టినవాళ్లలో ముందు వరుస ఎవరిదో మాత్రం దాచాల్సిన సంగతి కాదు.

ఇప్పుడు నాకు అసలు కోపం తెప్పించే ఘట్టం. 2007లో న్యూయార్క్ మాజీ మేయర్ ఎడ్ కాచ్ మధ్యవర్తిత్వంతో రడ్డీ, స్కేఫ్ కలిసి బిల్ క్లింటన్ దగ్గరికి భోజనానికి వెళ్లారు. హార్లెంలోని ఆయన కార్యాలయానికి. క్లింటన్ అంత చెడ్డ అధ్యక్షుడేమీ కాదని రడ్డీ అప్పటికే పత్రికలతో అన్నాడు. తరువాత క్లింటన్ ఫౌండేషన్‌కు విరాళాలు, ఆయనతో కలిసి ఆఫ్రికా యాత్రలు. పాత పగలు మరిచిపోవడం మంచిదే, పెద్దమనసే అంటారు. అలాగే అనుకుందాం. కానీ ఆ మనిషి హత్యను కప్పిపుచ్చిన ముఠాకు నాయకుడని నిజంగా నమ్మి ఉంటే ఆయన పక్కన కూర్చుని అన్నం ఎలా తింటారు? నమ్మకపోతే అన్నేళ్లు ఎందుకు రాశారు? ఈ రెండింటికీ మధ్య మూడో దారి నాకు కనిపించలేదు. మీకు కనిపిస్తే చెప్పండి. ఏ ఎండకా గొడుగు పట్టేవాడికి సిద్ధాంతం ఉందనుకోవడమే మన పొరపాటు.

అదే సమయంలో ఫ్లోరిడాలో ఆయన పామ్ బీచ్ పొరుగువాడు ట్రంప్‌తోనూ దోస్తీ పెరుగుతోంది. 2011లో ట్రంప్ నిర్వహించేలా రిపబ్లికన్ అభ్యర్థుల చర్చ పెట్టబోతే ఇద్దరు తప్ప ఎవరూ రామన్నారు, అది పోయింది. పత్రికలు, ఆరోగ్య సలహాల ఉత్తరాలు, విటమిన్ మాత్రలు, పెద్ద వయసు పాఠకుల ఈమెయిల్ చిరునామాలు, వీటి మీద నడిచిన సంస్థకు 2014లో టీవీ ఛానల్ తోడైంది. అదీ అంతంతమాత్రమే. 2020 నవంబరు వరకు.

అధ్యక్ష ఎన్నికలో ట్రంప్ మీద బైడెన్ గెలిచాడని, ట్రంప్ అభిమానులు ఎక్కువగా చూసే ఫాక్స్ న్యూస్ ఛానల్ చెప్పింది. ఆ మాట వినలేక ఫాక్స్ ప్రేక్షకులు కోపంతో రిమోట్ అందుకున్నారు. న్యూస్‌మ్యాక్స్ మాత్రం డిసెంబరు 14న, అధ్యక్షుణ్ణి లాంఛనంగా ఎన్నుకునే ఎలక్టర్లు ఓటు వేసేదాకా బైడెన్‌ను విజేత అనలేదు. ఓట్ల యంత్రాల మీద ఆధారం లేని ఆరోపణలు గంటల తరబడి ప్రసారం చేసింది. డిసెంబరు 7న సాయంత్రం ఏడు గంటల కార్యక్రమం, ప్రకటనదారులు లెక్కలోకి తీసుకునే 25–54 వయసువారిలో, మొదటిసారి ఫాక్స్‌ను దాటింది. ఆ రోజుల్లో రడ్డీ దాచుకోలేదు, పాపం. జనం తమ అభిప్రాయాలను బలపరిచేదే కోరుకుంటున్నారని న్యూయార్క్ టైమ్స్‌తో అన్నాడు. ఈ గొడవంతా వార్తలకు ఎంతో మంచిదని, ప్రేక్షకులు విరగబడి చూస్తున్నారని న్యూయార్కర్ పత్రిక విలేఖరితో అన్నాడు.

గమనించారా? 1992లో ఆయన బయటపెట్టిన తప్పు సరిగ్గా ఇదే. చూసేవాళ్లకు నచ్చుతుంది కాబట్టి జరగనిది జరిగినట్టు చూపించడం. అప్పుడు ఆ టీవీ సంస్థ తప్పు తెలియగానే చిత్రాన్ని వెనక్కి తీసుకుంది. ఈయన సంస్థ ఏం చేసింది? యంత్రాల కంపెనీ లాయర్ల ఉత్తరం వచ్చాక తమ దగ్గర ఆధారాలు లేవని ఒక ప్రకటన చదివింది. 2021 ఫిబ్రవరిలో దిండ్ల వ్యాపారి మైక్ లిండెల్ అవే ఆరోపణలు మళ్లీ మొదలుపెడితే, యాంకర్ లాయర్లు రాసిచ్చిన కాగితం చదివి కుర్చీలోంచి లేచి వెళ్లిపోయాడు. నిజం గుర్తుకు రావాలంటే దావా నోటీసు రావాలి.

బిల్లులు తరువాత వచ్చాయి. ఓట్ల యంత్రాల కంపెనీ స్మార్ట్‌మాటిక్‌కు 4 కోట్ల డాలర్లు. ప్రసారమైన మాటలు అబద్ధాలని, పరువునష్టం కలిగించేవని 2025 ఏప్రిల్‌లో డెలావేర్ న్యాయమూర్తి తేల్చాక, ఆగస్టులో అలాంటిదే మరో కంపెనీ డొమినియన్‌కు 6 కోట్ల 70 లక్షల డాలర్లు. అదీ మూడు వాయిదాల్లో. కట్టడానికి ఒప్పుకున్నాక కూడా మా ప్రసారాలు సమతూకంగానే ఉన్నాయి, ఆ కోర్టులో న్యాయం దొరకదని రాజీపడ్డాం అని ప్రకటన. ఫాక్స్ 78 కోట్ల 75 లక్షలు కట్టింది కదా, దాన్ని వదిలి ఈయన మీద పడతావేం అంటారు కొందరు. ఫాక్స్ యజమాని మర్డోక్ తండ్రి నుంచి పత్రిక వారసత్వంగా పొంది వ్యాపారిగానే ఎదిగినవాడు. రడ్డీ నోట్‌బుక్ పట్టుకుని తలుపులు తట్టినవాడు. నేను ఇద్దరినీ ఒకే కొలతతో కొలవను.

మన దగ్గర సంగతి ఇంకో రకం. ఏ ఛానల్ ఏ పార్టీదో చెప్పడానికి మన రెండు రాష్ట్రాల్లో టీవీ పెట్టి చూడాల్సిన పని కూడా లేదు. ఎక్కువగా ఇక్కడ డబ్బున్నవాడు పత్రిక పెట్టి విలేఖరిని జీతానికి పెట్టుకుంటాడు, విలేఖరి బతుకుతెరువు కోసం తల వంచుతాడు. అది చూసి జాలి కలుగుతుంది. తానే విలేఖరి, తానే యజమాని అయిన మనిషి ఎవరికి తల వంచినట్టు?

ఆయనకు దక్కాల్సింది ఇవ్వకపోతే నేనూ ఆ ఛానల్ లాగే అవుతాను. 2025 అక్టోబరులో అమెరికా రక్షణశాఖ పెంటగాన్ విలేఖరుల మీద కొత్త షరతులు పెట్టి సంతకం చేయమంటే న్యూస్‌మ్యాక్స్ చేయలేదు. ట్రంప్ ప్రభుత్వం, ట్రంప్ స్నేహితుడి ఛానల్, అయినా కుదరదంది. అది మెచ్చుకోవాల్సిన పని. ఒకే కంపెనీ చేతిలో దేశంలో 39 శాతం ఇళ్లకు మించి చేరే టీవీ స్టేషన్లు ఉండకూడదన్న నిబంధనను ఎత్తేయొద్దని ఆయన గట్టిగా వాదిస్తున్నాడు. ఆ వాదన సరైనదే, పెద్ద కంపెనీలు ఇంకా పెద్దవైతే తన ఛానల్‌కు దెబ్బ అన్నదీ నిజమే. పాత విలేఖరి పూర్తిగా చచ్చిపోలేదని ఒక్కోసారి అనిపిస్తుంది. వెంటనే ఫోస్టర్ అక్క ప్రమాణపత్రం గుర్తొస్తుంది.

ఫోస్టర్‌ది హత్యే అని ఇప్పటికీ నమ్మేవాళ్లు కింద వాదనకు వస్తారని తెలుసు. రండి. కాకపోతే ముందు ఫోస్టర్ మరణం మీద స్టార్ ఇచ్చిన నివేదిక చదివి రండి, ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. చదవకుండా వచ్చినవాళ్లకు నేను జవాబివ్వను.