క్షమిస్తే లెక్క మాఫీ అయిపోద్దా?

క్షమించడం మీద మీరు రాసిన ఆర్టికల్ బాగుంది గానీ, అందులో క్రైస్తవుడు లెక్క అడక్కుండా క్షమించేయాలి అన్న ముక్క దగ్గర ఆగిపోయానండి. మాది ఒడిశాలోని పర్లాకిమిడి, చిన్న కిరాణా కొట్టు. పోయిన నెల మా కొట్టు కుర్రోడు గల్లాపెట్టెలోంచి 1,800 తీసి బియ్యం బస్తాల వెనక పాత ఉప్పు కవర్లో చుట్టి దాచాడు, దొరికిపోయాడు. తెలుగు చాలక ఒడియాలో కూడా తిట్టేశా, చేతిలో కేజీ గుండు ఉంది, నిజం చెప్తున్నా, అది కింద పెట్టడానికే నాకు పది నిమిషాలు పట్టింది. బైబిల్లో గలతీ పత్రిక 5వ అధ్యాయంలో ఆత్మఫలాల (దేవుని ఆత్మ మనిషిలో పుట్టించే మంచి గుణాల) లిస్టులో ఆశానిగ్రహం, అంటే తన్ను తాను అదుపులో పెట్టుకోవడం, చిట్టచివర ఉంటుంది, ఆ రోజు నాకు మాత్రం అదే ముందు కావాల్సొచ్చింది, లేకపోతే న్యాయం పేరు చెప్పి కొట్టేసేవాణ్ణే.

బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య సంగతి చూడండి. యేసు తిట్టలేదు, నేరుగా వాళ్ళింటికే వెళ్ళాడు, అప్పుడు జక్కయ్యే లేచి అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. పాత నిబంధన ధర్మశాస్త్రంలో, సంఖ్యాకాండం 5:7 ప్రకారం, తప్పు ఒప్పుకున్నోడు సొమ్ముతో పాటు అయిదో వంతు కలిపిస్తే చాలు! కనికరం ముందొచ్చింది గానీ లెక్క మాయమవ్వలేదు కదా.

మావోణ్ణి పనిలోంచి తియ్యలేదు, జీతంలో నెలకి 300 కట్ చేస్తున్నా, ఆరు నెలలు. అయిదో వంతు అడగలేదులెండి, వాళ్ళమ్మ మందుల కోసం తీశాడని తర్వాత తెలిసింది. మా ఆవిడ మాత్రం గల్లా తాళం ఇప్పటికీ బొడ్లోనే దోపుకుంటోంది.