సగటున అంతా బాగానే ఉందట!

పది నిమిషాలకో బస్సు అని బోర్డు మీద రాస్తారు. నిలబడి చూస్తే 18 నిమిషాలు ఒక్కటీ రాదు, వచ్చాక రెండు నిమిషాల తేడాతో రెండు వస్తాయి. ముందుది కిక్కిరిసి, వెనకది ఖాళీగా. లెక్కలో మాత్రం సగటు 10 నిమిషాలే కాబట్టి సర్వీసు భేష్! నిజంగా పదేసి నిమిషాలకు వస్తే సగటున 5 నిమిషాలు ఎదురుచూస్తాం. ఇలా 18, 2 చొప్పున వస్తే అది 8 దాటుతుంది. ఎక్కువ మంది చిక్కుకునేది ఆ పెద్ద గ్యాప్‌లోనే మరి. ఈ అదనపు నిరీక్షణను కొలిచే పద్ధతి లేకపోలేదు, లండన్ బస్సులకు వాడతారు కూడా.

సమయపాలనైతే బస్సు బయలుదేరే చోటే చూస్తే సరి, అందరికీ నూటికి నూరు మార్కులు.

రోడ్లకూ గ్రేడ్లున్నాయి. రోడ్ల సామర్థ్యం లెక్కగట్టే పుస్తకం, 1965 నాటి అమెరికా హైవే కెపాసిటీ మాన్యువల్ నుంచి ‘ఏ’ (భేష్) మొదలు ‘ఎఫ్’ (అధ్వానం) దాకా ఇస్తున్నారు. సిగ్నల్ దగ్గర ఒక్కో వాహనానికి సగటున ఎన్ని సెకన్లు ఆలస్యమైందో చూస్తారు. అరవై మందితో ఉన్న బస్సూ ఒక వాహనమే, ఒక్కడున్న కారూ ఒక వాహనమే. ఇదేం న్యాయం?

ఇక రద్దీకి రోజంతటి సగటు. మధ్యాహ్నం ఖాళీగా తిరిగిన సీట్లు పొద్దున ఫుట్‌బోర్డు మీద వేలాడినవాడికి ఎందుకండీ?