మంచు ట్రెక్‌కు ఫిట్‌నెస్ ఒక్కటే చాలదు

చలికాలం హిమాలయ ట్రెక్‌కు వెళ్లే మన నల్గొండ, భువనగిరి పిల్లలకు ఫిట్‌నెస్ ఉంటే చాలన్నట్టు ఒక వ్యాసంలో రాశారు. భువనగిరి గుట్ట మీద శిక్షణ తీసుకున్న మన తెలంగాణ అమ్మాయి మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్ట్ ఎక్కింది, కాదనను. కానీ గుట్ట ఎక్కడం వచ్చినంత మాత్రాన మంచు లోపల ఏముందో తెలియదు కదండీ. పాత మంచులో ఒక్కోసారి చక్కెరలా పొడిపొడిగా, అతుక్కోని పొర ఏర్పడుతుంది. దానిపై కొత్త మంచు గట్టి పలకగా పేరుకుంటే ఒక్క మనిషి బరువుకే అంతా తెగి జారిపోవచ్చు. 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లోనే ఈ ప్రమాదం ఎక్కువ. ఎండ కాసింది కదా అని ధీమా వద్దు, ఆ బలహీన పొర వారాల తరబడి అలాగే ఉండొచ్చు. 2022 అక్టోబర్‌లో ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా దండా శిఖరం దగ్గర ఇలా జారిపడ్డ మంచులో చిక్కుకున్నది పర్వతారోహణ శిక్షణలో ఉన్నవాళ్లే! కూరుకుపోయినవాళ్లను పావుగంటలోపు తీయకపోతే బతకడం కష్టం, కాబట్టి పక్కనున్నవాళ్లే తవ్వాలి. బీకన్ (కూరుకుపోయినవాళ్ల జాడ చెప్పే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార మనిషికొకటి ఇస్తారా అని ట్రెక్ వాళ్లను ముందే అడగండి. నసిగితే అడ్వాన్స్ కట్టకండి.