బడి క్లబ్బుల మీద ఆ మెసేజ్ ఇక నాకు పంపకండి

ఒడిశాలో మన తెలుగువాళ్లుండే పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం గ్రూపుల్లో అది మళ్లీ తిరగడం మొదలుపెట్టింది. ఈసారి పంపినవాళ్లలో మా బావ ఉన్నాడు, పాత క్లాస్‌మేట్లు ఉన్నారు, ఆఖరికి ఒక రిటైర్డ్ మాస్టారు కూడా ఉన్నారు. "తెలుగు తల్లిదండ్రులారా, మేల్కొనండి" అంటూ మొదలవుతుంది. హైస్కూల్లో ఎన్‌సీసీ, స్కౌట్లు, ఎకో క్లబ్, వక్తృత్వ పోటీలు అన్నీ దండగట. మార్కులు తగ్గుతాయి, డబ్బు పోతుంది, ఉద్యోగానికి పనికిరావు, అంతా ఫొటోల కోసమే. పైగా అన్నీ ఒడియాలో జరుగుతాయి కాబట్టి మన పిల్లలు నవ్వులపాలవుతారు, గంట కొట్టగానే ఇంటికి తెచ్చేసుకోండి అని సలహా.

మార్కుల సంగతి. వారంలో ఒకటి రెండు సాయంత్రాలు డ్రిల్ చేస్తే మెట్రిక్ పోతుందట! రెండు ట్యూషన్ల మధ్య ఫోన్లో కరిగిపోయే టైమ్ గురించి మాత్రం ఒక్క ముక్క లేదు.

డబ్బా? కేంద్ర ప్రభుత్వ సైన్స్ పథకం ఇన్‌స్పైర్ మానక్‌కి బడి పంపిన ఆలోచన ఎంపికైతే, నమూనా తయారీకి 10,000 రూపాయలు ఆ విద్యార్థి ఖాతాలోనే పడతాయి. గణేశ్ పూజ చందా అంటారా, అది వేరే గొడవ.

బడిలో వచ్చే ఎన్‌సీసీ 'ఎ' సర్టిఫికెట్ చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ఇస్తామని ఎవరన్నారు? కాలేజీలో 'సి' దాకా వెళ్లి డిగ్రీ చదివినవాళ్లకు ఆర్మీ స్పెషల్ ఎంట్రీలో రాతపరీక్ష ఉండదు, షార్ట్‌లిస్ట్ అయితే నేరుగా ఎస్‌ఎస్‌బీకి, అంటే ఆఫీసర్లను ఎంపిక చేసే ఇంటర్వ్యూకి పిలుస్తారు. ఆ దారి ఉందన్న సంగతి చాలామంది పిల్లలకు తెలిసేది బడిలోనే.

ఇక ఒడియా. అసలు విషం ఇక్కడుంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల క్లాసులో ఒడియాలో నోరు విప్పేది హాజరు పలకడానికి, పుస్తకంలో ఉన్న జవాబు అప్పజెప్పడానికి. బెంచీల మీద కూడా తెలుగువాళ్లు ఒకవైపు, ఒడియావాళ్లు ఒకవైపు, సవర గిరిజన పిల్లలు వెనక. వాదించడం, బతిమాలడం, పని పంచుకోవడం, మైకు పట్టుకుని అతిథిని పిలవడం ఎక్కడ వస్తాయి? క్యాంపులో వంట వంతులేసుకున్నప్పుడు వస్తాయి. సరస్వతీ పూజ ఆహ్వానపత్రిక పట్టుకుని పక్క బడికి వెళ్లినప్పుడు వస్తాయి. నవ్వుతారు, నిజమే. మన 'అ' అక్కడ 'ఒ'లా పలకాలి, అది నోరు తిరిగేదాకా నవ్వుతారు. పదమూడేళ్లప్పుడు తోటి పిల్లలు నవ్వితే సాయంత్రానికి మరిచిపోతారు. ఇంట్లో దాచిన పిల్ల ప్లస్ టూకి బరంపురం హాస్టల్‌కి వెళ్లి, మెస్‌లో కూర తక్కువైందని అడగలేక కూర్చుంటే అప్పుడెవరు మేల్కొంటారు?

ఈ పర్లాకిమిడి బడిలో పాఠాలు చెబుతూనే గిడుగు రామమూర్తిగారు సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. అది ఏ సిలబస్‌లో ఉంది? ఆగస్టు 29న ఆయన బొమ్మకు దండవేసి ఫొటో పెట్టినవాళ్లే, పక్క భాష జోలికి పిల్లల్ని పోనివ్వొద్దని ఫార్వర్డ్ చేస్తున్నారు. చప్పట్లు కొట్టాలా?

ఫొటోల మాట మాత్రం ఒప్పుకోవాలి. చిన్న బడుల్లో ఎకో క్లబ్ అంటే చాలాచోట్ల ఒక బ్యానర్, ఒక మొక్క, దాని మీద పది చేతులు. వచ్చే వనమహోత్సవానికి అదే గుంటలో ఇంకో మొక్క. టీచర్లే తక్కువ, ఉన్నవాళ్లకు రిపోర్టులే సరిపోతాయి. ప్రతి పోటీకీ ఆ ఫస్ట్ ర్యాంకు పిల్లాడినే పంపుతారు, ఎందుకంటే వాడికి నేర్పక్కర్లేదు. మెసేజ్ రాసిన మహానుభావుడికి కోపం వచ్చింది బహుశా ఇక్కడే అయి ఉంటుంది, దాన్ని తీసుకెళ్లి పిల్లల మీద పెట్టాడు.

బడి కమిటీ మీటింగ్‌లో అడగండి: క్లబ్ ఏ రోజు జరుగుతుంది, ఏ మాస్టారు చూస్తారు, మా అమ్మాయి పేరు ఎందుకు లేదు అని. ఒడియాలో అడగడానికి మొహమాటమైతే, క్యాంపుకి వెళ్లొచ్చిన పిల్లనెవరినైనా వెంట తీసుకెళ్లండి.